శ్రీశైలం దారిలో గేటు వేళలు సడలించకండి, గేట్ల దగ్గర పద్ధతి మార్చండి

గౌరవనీయులైన అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. శని, ఆదివారాల్లో తెల్లవారకముందే తుక్కుగూడ దాటి శ్రీశైలం వైపు సాగే కార్ల బారు మీ దృష్టికి వచ్చే ఉంటుంది. హైదరాబాద్ నుంచి సుమారు 215 కిలోమీటర్ల దారి. అందులో మన్ననూరు చెక్‌పోస్టు నుంచి దోమలపెంట దాకా అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచే పోవాలి. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఆ రెండు చోట్లా గేట్లు వేస్తారు. ఎవరు ఎంత ఒత్తిడి తెచ్చినా ఆ నిబంధనను సడలించకండి. మేం అడిగేది వేరు.

తిరుగు ప్రయాణంలో ఆఖరి గంట చూడండి. దర్శనం ఆలస్యమై, డ్యాం దగ్గరి ఘాట్ రోడ్డులో ఇరుక్కుని, ఎనిమిదిన్నరకు దోమలపెంట చేరినా గేటు తెరిచే ఉంటుంది కాబట్టి లోపలికి వదులుతారు. ఇక మన్ననూరులో గేటు పడిపోతుందేమోనని తొక్కుడే తొక్కుడు. దుప్పులు, కణుజులు, అడవిపందులు రోడ్డు దాటేదీ ఆ చీకటివేళే. హైబీమ్ కళ్లలో పడితే దుప్పి పారిపోదు, ఉన్నచోటే కొయ్యబారిపోతుంది. అప్పుడు బ్రేకు వేసినా లాభం ఉండదు.

దీనికి మందు పెద్ద ఖర్చేం కాదు. ఒక గేటులో టైము వేసిన చీటీ ఇవ్వండి, రెండో గేటులో వెనక్కి తీసుకోండి. గంటకు 40 కిలోమీటర్ల లెక్కన పట్టాల్సిన సమయం కంటే ముందే వచ్చిన బండికి జరిమానా రాయండి. మరీ ఆలస్యంగా వస్తే ఎక్కడ ఆపారో, ఏం పారేశారో అడగండి. అంబులెన్సులు మినహా మిగతా బండ్లకు సాయంత్రం ఏడున్నర తర్వాత లోపలికి ప్రవేశం ఆపేయండి. ఆ సంగతి గేటు దగ్గర చెబితే గొడవలవుతాయి. ఉదయం మన్ననూరులోనే చీటీ మీద అచ్చువేసి ఇస్తే జనం శ్రీశైలంలో బయల్దేరే వేళ చూసుకుంటారు.

ఘాట్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఈగలపెంట నుంచి పాతాళగంగ వైపు దిగేటప్పుడు సిటీ డ్రైవర్లు బ్రేకు మీద కాలు తీయరు. ప్యాడ్లు వేడెక్కి, బ్రేకు ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడల్ మెత్తబడి లోపలికి పోతుంది. కాలిన వాసన వచ్చినప్పుడే ఆగాలి. రెండో గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఆటోమేటిక్ కార్లయితే ‘ఎల్’ లేదా మాన్యువల్ మోడ్. ఇరుకు మలుపులో ఎక్కే బండికే దారి ఇవ్వాలన్నది నిబంధన, కానీ దిగేవాళ్లే ముందు దూరుతున్నారు. ఈ రెండు ముక్కలూ పెద్ద తెలుగు అక్షరాలతో, దిగుడు మొదలయ్యే చోటికి ముందే ఉండాలి. మలుపులో పెట్టిన బోర్డు చదివే తీరిక ఎవరికుంటుంది?

డ్యాం గేట్లు ఎత్తిన రోజుల్లో పరిస్థితి మరీ ఘోరం. మలుపుల్లోనే కార్లు ఆపి ఫొటోలు దిగుతారు. వెనకాల ఆర్టీసీ బస్సు క్లచ్ మాడుతూ ఎత్తు మీద నిలబడుతుంది. ఆ వారాంతాల్లో కార్లను ఈగలపెంటలోనే ఆపించి, అక్కణ్నుంచి ఆర్టీసీ మినీబస్సులు నడపమని రవాణా శాఖతో మాట్లాడండి. వరద ఎప్పుడొస్తుందో ఎగువన జూరాల నుంచి వదిలే నీటిని బట్టి ముందే తెలుస్తుంది కదా.

ఇంకో తిరకాసు. డ్యాం చూడటానికి జనం ఎగబడే వానాకాలంలోనే, అడవి చూపించే ఫర్హాబాద్ సఫారీ మూసి ఉంటుంది. అడవికి ఆ విశ్రాంతి అవసరమే. కానీ ఆ మాట తెలియక పిల్లాజెల్లాతో వచ్చి వెనుదిరిగినవాళ్లు రోడ్డు పక్క కోతులకు బిస్కెట్లు వేస్తూ పొద్దుపుచ్చుతారు. తిండికి అలవాటుపడిన కోతులు రోడ్డు మీదికొచ్చి చక్రాల కింద పడుతున్నాయి. వటవర్లపల్లి దగ్గర దారి మళ్లే మల్లెలతీర్థం జలపాతం దగ్గరా ముందుగా తెలియకపోవడమే ఇబ్బంది. వందల మెట్లు దిగాక, పాచిపట్టిన బండల మీద కాలు జారితే పైకి మోసుకురావడం మాటలు కాదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఆ మెట్ల సంఖ్య పైనే చెప్పాలి.

అందుకే హాజీపూర్ చౌరస్తాలో, మన్ననూరు చేరకముందే, రోజూ మార్చగలిగే బోర్డు ఒకటి పెట్టించండి. సఫారీ ఉందా లేదా, మల్లెలతీర్థంలో నీళ్లున్నాయా, డ్యాం గేట్లు ఎన్ని ఎత్తారు, దారిలో మరుగుదొడ్లు ఏ ఊళ్లో ఉన్నాయి, దోమలపెంటకు తిరిగి ఎన్నింటికి చేరాలి. సుద్దముక్క రాతలు చాలు, కానీ ఉదయం 6కల్లా ఆ రోజు సమాచారం ఉండాలి. దాని బాధ్యత చెక్‌పోస్టులో ఒక ఉద్యోగికి పేరుపెట్టి అప్పగించండి.

ఇట్లు,
శ్రీశైలం రోడ్డు మీద తరచూ ప్రయాణించే హైదరాబాద్ వాసులు