ప్లేట్‌లెట్లొక్కటే చూసి పంపించేస్తున్నారండి మంత్రి గారూ

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారమండి. నేను కోనసీమలో ఒక లంక ఊరి నుంచి రాస్తున్నాను, గోదారికి వరదొస్తే మాకు పడవ తప్ప ఇంకో దారి లేదు.

పోయిన ఆగస్టులో మా పిన్నికి జ్వరం, దగ్గు వచ్చాయి. 58 ఏళ్లు, షుగరుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు రెండు రోజులు ఇంజక్షన్ చేశారు, తగ్గకపోతే టౌనుకి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాం, రిపోర్టు చూసి ప్లేట్‌లెట్లు 2 లక్షల పైన ఉన్నాయి డెంగీ కాదు ఇంటికెళ్లండి అన్నారు, మేమూ హమ్మయ్య అనుకుని వచ్చేశాం. ఇంకో రెండ్రోజులకి అర్ధరాత్రి ఆయాసం. పడవ మీద రేవు దాటించి 108 ఎక్కించి కాకినాడ చేరేసరికి ఆక్సిజన్ 84. 12 రోజులకి బతికి ఇంటికొచ్చింది, దేవుడి దయ.

అక్కడ డాక్టరమ్మ మా పాత రిపోర్టు అడిగి ఒక లైను మీద వేలు పెట్టారు. న్యూట్రోఫిల్స్ 86 శాతం, లింఫోసైట్స్ 8, రెండూ తెల్ల రక్తకణాల్లో రకాలేనట. మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే దాదాపు 11 వస్తుంది, ఆరోగ్యంగా ఉన్న మనిషికి మామూలుగా 1 నుంచి 3 మధ్య ఉంటుందట. కొన్ని వైరస్ జ్వరాలు ముదురుతుంటే లింఫోసైట్లు పడిపోతాయి, కోవిడ్‌లో ఇది చాలా మందిలో కనపడింది. ఆమె వెంటనే ఊళ్లో ఏం ఇంజక్షన్ చేశారని అడిగారు, మాకు తెలీదు. డెక్సా లాంటి స్టెరాయిడ్ పడినా ఈ అంకె పైకెళ్తుందండి, అందుకని దాన్నొక్కదాన్నే నమ్మకూడదట. కానీ ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) ఎంతుందో చెప్పే సీఆర్పీ అనే రక్తపరీక్ష చేసి, వేలికి ఆక్సీమీటర్ పెట్టి, మర్నాడు మళ్లీ రమ్మనాల్సింది అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వట్లేదు, ఎందుకంటే ఆ కాగితం రెండ్రోజులు మా ఇంట్లో బీరువా మీదే ఉంది.

మీరు మమ్మల్ని తప్పుగా అనుకోకండి, పెద్ద పెద్ద టెస్టుల ప్యాకేజీ అడగట్లేదు. 2021లో సెకండ్ వేవప్పుడు చిన్న జలుబుకి కూడా డీ-డైమర్, ఫెరిటిన్, ఐఎల్-6 అనే రక్తపరీక్షలన్నీ చేయించుకుని జనం అప్పులపాలయ్యారు, లక్షణాలు తక్కువున్నవాళ్లకి ఇవి అక్కర్లేదని ఎయిమ్స్ డైరెక్టర్‌గా ఉన్న గులేరియా గారు ఆ మే నెలలోనే చెప్పారు. డీ-డైమర్ అయితే వయసు పెరిగినా, కడుపుతో ఉన్నా పెరుగుతుంది, దాన్ని చూసి ఊరికే హడలిపోయినవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు.

నేనడిగేది సీబీసీ (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష), సీఆర్పీ, ఆక్సీమీటర్, ఈ మూడే. వరదల కాలంలోనూ చలికాలంలోనూ లంకల దగ్గర పీహెచ్‌సీల్లో ఇవి రోజూ దొరికితే చాలండి. సీఆర్పీకి వేలి నుంచి చుక్క రక్తం తీసుకుని నిమిషాల్లో చెప్పే చిన్న మిషన్లున్నాయి. మామూలుగా లీటరుకి 10 మిల్లీగ్రాముల లోపుంటుంది. బాక్టీరియాతో కూడా పెరుగుతుంది కాబట్టి అదొక్కటే రోగం పేరు చెప్పదు, కానీ ఆక్సిజన్ తగ్గుతూ ఇది ఎక్కువుంటే తేలిగ్గా తీసుకోకూడదు. కోవిడ్ మందుల మీద బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో టోసిలిజుమాబ్ అనే మందు ఎవరికివ్వాలో చూడ్డానికి ఆక్సిజన్ తగ్గడంతో పాటు సీఆర్పీ 75 దాటిందా అని చూశారు.

దాంతోపాటు తెలుగులో ఒక్క కాగితం గోడకి అంటించండి. జ్వరం ఎన్నో రోజు, ముందు ఏ ఇంజక్షన్ పడింది, అంకె నిన్నటికన్నా పెరిగిందా, ఎంతుంటే అమలాపురమో కాకినాడో పంపాలి, అది మీ డాక్టర్లే కూర్చుని తేల్చాలి. షుగరున్నవాళ్లకి, ముసలివాళ్లకి, గర్భిణులకి ఇంకాస్త ముందే పంపేలా రాయమనండి, మాకు ఆసుపత్రి దూరం కిలోమీటర్లలో కాదండి, పడవ కట్టేసే టైములో ఉంటుంది.

ఈసారి వరద ముంపు చూడ్డానికి మా వైపు వస్తే రేవు దగ్గరే నిలబడుంటాను, పిన్ని రిపోర్టులు రెండూ తెస్తాను, ఒక్క రెండు నిమిషాలు చూడండి.