హైడ్రా దీవిలో మా అమ్మను కిందికి దించిన ఆయనకు

గ్రీసులోని హైడ్రా దీవిలో కార్లు, బైకులు తిరగవు. సామాను కూడా కంచరగాడిదల మీదే. ఆ ప్రశాంతత కోసమే పిరయస్ రేవు నుంచి పడవెక్కి వెళ్లాం. కొండ మీది ప్రొఫిటిస్ ఇలియాస్ మఠం చూసి దిగుతుంటే అమ్మ కాలు బెణికింది. అడుగు వేయలేకపోయింది. ఆటో పిలుద్దామంటే అక్కడ ఆటో ఏది! నాకు ఒకటే టెన్షన్.

అప్పుడే ఖాళీ కంచరగాడిదతో దిగుతూ వచ్చారు మీరు. మేమేమీ అడగలేదు. చెక్క జీను గుచ్చుకుంటుందని మీ కోటు విప్పి, మడిచి దానిపై వేశారు. అమ్మను నెమ్మదిగా ఎక్కించారు. మెట్లు వచ్చిన ప్రతిచోటా ఆగి, ఆమె వీపుకి అరచెయ్యి ఆనించి పట్టుకున్నారు. అమ్మ "మెల్లగా నాయనా" అంటే మీరు గ్రీకులో ఏదో జవాబిచ్చారు. దారంతా ఇద్దరూ అలాగే మాట్లాడుకున్నారు, మధ్యలో నేనెందుకో!

రేవులో డబ్బివ్వబోతే నా పిడికిలి మూసేశారు. అమ్మ చేతిలో నిమ్మకాయ పెట్టి వెళ్లిపోయారు. పేరు అడగడం మరిచిపోయాను. మీ గ్రీకులోనే ధన్యవాదాలు చెబుతున్నాను, ఎఫ్ఖరిస్తో అండీ. ఆ నిమ్మకాయను అమ్మ పిండనివ్వలేదు, ఎండిపోయినా దేవుడి గూట్లోనే ఉంది.