ఆఫీసు గేటు దగ్గర పెద్దమనిషి

ఒరేయ్ శీనూ,

ఉగాండాలో, మా కంపాలాలో సింహాలు కనిపిస్తాయా అని ఫోన్లో అడిగావు కదా. సింహం సంగతి దేవుడెరుగు, రోజూ ఆఫీసు గేటు దగ్గర నన్ను చూసి ఒక్క అంగుళం కూడా జరగని పెద్దమనిషి ఒకడున్నాడు. మరబూ కొంగ. ఇక్కడివాళ్లు కలోలి అంటారు.

కొంగంటే మన చేలల్లో తిరిగేది అనుకునేవు! నిలబడితే దాదాపు 5 అడుగులు. 9 కిలోల దాకా తూగుతుందట. రెక్కలు చాపితే రెండున్నర మీటర్లు. బోడితల, దానిమీద నాలుగు వెంట్రుకలు, మెడ కింద సొరకాయలా వేలాడే ఎర్రటి తిత్తి. వెనక నల్లకోటు, ముందు తెల్లచొక్కా. రిటైరైనా ఆఫీసు వదలని హెడ్ గుమాస్తాని ఊహించుకో.

కాళ్లు భలే తెల్లగా ఉన్నాయే అని మొదట్లో మెచ్చుకున్నాను. అసలు రంగు నలుపురా! ఎండెక్కితే తన కాళ్లమీద తనే రెట్ట వేసుకుంటుంది. అది ఆరుతుంటే ఒంట్లో వేడి దిగుతుంది. కుండలో నీళ్లు చల్లబడే లెక్కే. అన్నం తింటూ చదువుతుంటే ఏమనుకోకు.

అడవిలో చచ్చిన జంతువు దొరికినా ఆ పొడుగు ముక్కుతో తోలు చీల్చలేదు. రాబందులు చీల్చేదాకా పక్కన కాచుకుని, సందు చూసి ముక్క లాక్కుంటుంది. గడ్డికి మంటలంటుకుంటే అంచున నడుస్తూ, పారిపోయే మిడతల్నీ ఎలుకల్నీ ఏరుకుంటుంది. ఊళ్లో అంత కష్టమెందుకు, చెత్తకుప్పలున్నాయిగా! కసాయి కొట్టు వెనక పేగులు, హోటల్ ఎంగిళ్లు, అన్నీ చెల్లుతాయి. మునిసిపాలిటీ బండి రాని రోజున కూడా ఇది మాత్రం డ్యూటీకి వస్తుంది.

గూళ్లు నడి ఊళ్లో, రోడ్డు పక్క చెట్లమీదే. పిల్లల్ని ఎండాకాలంలో పెంచుతాయి. అప్పుడు నీళ్లు ఇంకి, గుంటల్లో చేపలూ కప్పలూ సులువుగా దొరుకుతాయి. ఈ సంగతి తెలియక ఒకసారి ఆ చెట్టు కిందే కారు పెట్టాను. సాయంత్రానికి సున్నం కొట్టినట్టుంది. కడిగినవాడు డబ్బులు రెట్టింపు అడిగాడు, న్యాయమే అనిపించి ఇచ్చేశాను.

మీ టెక్కలి పక్క తేలినీలాపురంలో కొంగలొస్తే ఆడపిల్లలు పుట్టింటికొచ్చినట్టు చూస్తారు. అవి అందగత్తెలు మరి! అస్సాంలో దీని అక్కలాంటి హర్గిలా అనే కొంగని కూడా ఒకప్పుడు అపశకునమని ఛీకొట్టేవారు. పూర్ణిమాదేవి బర్మన్ అనే ఆవిడ ఊరి ఆడవాళ్లని కూడగట్టాక ఇప్పుడు దాని బొమ్మ చీరలమీద నేస్తున్నారు. మా కలోలికి ఆ యోగం ఇంకా పట్టలేదు.

ఈసారి మీవైపు ఎన్ని కొంగలొచ్చాయో రాయి. డిసెంబరులో నువ్వొస్తే కారు ఎక్కడ పెట్టాలో నేను చూపిస్తా.

నీ
రాంబాబు