ఇంజను కదిలింది, అమ్మలూ

అమ్మలూ,

నువ్వు, అల్లుడు, బుడ్డోడు కులాసాగా ఉన్నారనుకుంటాను. ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్లో చెబుదామంటే నువ్వు "ఊఁ, ఆ తర్వాత?" అంటూ లాప్‌టాప్‌లో తలదూర్చేస్తావు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

ఆ ఆయిల్ ఇంజన్ని పాతసామాన్లవాడికి తూచి ఇచ్చేయమన్నావు కదా. నేనూ సరే అనుకున్నాను. అతను కాటా పట్టుకుని వచ్చాడు. పక్కనున్న పెద్ద చక్రం, అదే ఫ్లైవీలు, ఒకసారి ఊపి చూసి, "కదలదు బాబూ, ఇది ఇంజను కాదు, ఇనప ముద్ద" అన్నాడు. ఆ మాట నాకు రుచించలేదు. రేపు రమ్మని పంపేశాను. ఆ రేపు ఇంకా రాలేదు.

అది అలా కదలకుండా పట్టేయడానికి కారణం నేనే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది గుర్తుందా? మా ఫోన్లు కలవక నువ్వు అక్కడ ఏడుస్తూ కూర్చున్నావు. ఇక్కడ కొబ్బరిచెట్లు, కరెంటు స్తంభాలు ఒకదాని మీద ఒకటి పడున్నాయి. మళ్లీ కరెంటు వచ్చేదాకా మన వీధికి నీళ్లు తోడింది ఈ ఇంజనే. బిందెలు వరసగా పెట్టి ఆడవాళ్లు దానికి దండం పెట్టారు, అబద్ధం కాదు. కరెంటు వచ్చాక దాన్ని ఆపేసి, పడిపోయిన జీడిచెట్ల వెంట పడ్డాను. పాక కప్పు ఎప్పుడో ఎగిరిపోయింది. సైలెన్సర్ గొట్టం ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉంది. దాని మీద ఒక డబ్బా బోర్లిస్తే సరిపోయేది. ఆ పని చెయ్యలేదు. ఇంజను ఆగినప్పుడు పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుని ఉండిపోయినట్టుంది. వాననీళ్లు గొట్టంలోంచి దిగి తిన్నగా సిలిండర్‌లో పైకీ కిందికీ ఆడే పిస్టన్ నెత్తి మీద చేరాయి.

సిలిండర్ పైమూత, అదే హెడ్డు, విప్పి చూస్తే పిస్టన్ సగం దారిలో ఆగి ఉంది. దాని పైన సిలిండర్ గోడంతా ఎర్రగా, బెల్లం పాకం గడ్డకట్టినట్టు తుప్పు. మీ మామయ్య గునపం తెచ్చి ఫ్లైవీలు పుల్లల మధ్య దూర్చబోయాడు. అరిచినంత పని చేశాను. అది పోతపోసిన ఇనుము, వంగదు, పుటుక్కున విరుగుతుంది. ఫ్లైవీలు విరిగితే నిజంగానే కాటాకి ఎక్కించాలి.

ముందు పైనున్న తుప్పు గీకి, ఎమిరీ పేపర్‌తో రుద్ది, గుడ్డతో తుడిచాను. తర్వాత పిస్టన్ మీద డీజిల్ పోసి, ఎంత ఎత్తు ఉందో గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టాను. మర్నాడు చూస్తే గీతకీ డీజిల్‌కీ మధ్య తేడా లేదు. మూడో రోజు పొద్దున అటుకు గింజంత దిగింది. ఆ తేడా చూశాక నాకు ఆశ పుట్టింది. పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్కనుంచి సందు చేసుకుంటోందన్నమాట. మన లారీ డ్రైవరు కుర్రాడు పవర్ స్టీరింగ్ ఆయిల్, అసిటోన్ సగం సగం కలిపి పొయ్యమన్నాడు. అవి రెండూ సరిగా కలవవు, పోసే ముందు బాగా కుదపాలి. అసిటోన్ చటుక్కున అంటుకునే సరుకు కూడా, అందుకే నాలుగు రోజులు పాక దరిదాపుల్లో ఎవర్నీ బీడీ వెలిగించనివ్వలేదు. మీ అమ్మ మాత్రం ఇల్లంతా గోళ్ల రంగు తీసే మందు కంపు అంటూ నాతో మాట్లాడ్డం మానేసింది.

నాలుగున్నర అంగుళాల సిలిండర్ బోరులో వదులుగా దిగేలా ఒక చింత మొద్దు చెక్కించాను. రోజూ పొద్దున, సాయంత్రం దాన్ని పిస్టన్ మీద పెట్టి కొయ్య సుత్తితో చిన్నగా తట్టేవాణ్ణి. అది పిస్టన్ని కిందికి తొయ్యడానికి కాదు, తుప్పు పట్టు వదిలించడానికి. తర్వాత ఫ్లైవీలు రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ. పిస్టన్ కిందికి దిగే వైపే ఎక్కువ ఒత్తాను. ఎందుకంటే కింది గోడ ఆయిల్ తగిలి శుభ్రంగానే ఉంటుంది, తుప్పంతా పైనే. ఫ్లైవీలు అంచు మీద సుద్దగీత, దానికి ఎదురుగా ఒక మేకు కట్టి చూసుకున్నాను.

తొమ్మిదో రోజు సాయంత్రం టిక్కుమంది. సుద్దగీత మేకుని దాటి ఒక బియ్యపు గింజంత జరిగింది. నేను ఇంకా ఒత్తలేదు, అక్కడే కూర్చుండిపోయాను.

ఆ తర్వాత రెండు రోజుల్లో పూర్తిగా తిరిగింది. పిస్టన్ని బయటికి తీసేటప్పుడు రెండు రింగులు విరిగాయి, కొత్తవి విజయనగరం నుంచి తెప్పించాను. ఇంజను అడుగున ఆయిల్ నిలిచే సంపులోకి డీజిల్ దిగిపోయి ఆయిల్ నీళ్లయింది, అదీ మార్చాను. అన్నిటికంటే టెన్షన్ పెట్టింది ఫ్యూయల్ పంపు ర్యాక్. బయటికి చిన్న ఇనప కడ్డీలా కనిపిస్తుంది, కానీ ఇంజనుకి ఎంత డీజిల్ పోవాలో తేల్చేది అదే. అది పూర్తి డీజిల్ ఇచ్చే చోట బిగుసుకుంటే, వేగాన్ని అదుపు చేసే గవర్నరు లాగినా వెనక్కి రాదు, ఇంజను అదుపు తప్పి పరిగెడుతుంది. వేలితో తోస్తే జారేదాకా డీజిల్‌లో కడిగాను. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు గాలి లోపలికి పోయే నోటికి అడ్డం పెట్టడానికి ఒక చెక్క పలక కూడా చేతికందేలా పెట్టుకున్నాను. గాలి ఆపేస్తే ఎంత పిచ్చెక్కినా ఆగాల్సిందే. దాని అవసరం రాలేదు.

ఇది రాజ్‌కోట్‌లో చేసిన ఇంజను. మూలం ఇంగ్లండ్‌లోని డర్స్‌లీలో 1930 ప్రాంతంలో తయారైన లిస్టర్ ఇంజను. 6 హార్స్‌పవర్, నిమిషానికి 650 చుట్లు, అంతే. ఇప్పటి పంపుల ముందు నత్తనడక. ఆ నడకే దీన్ని ఇంతకాలం కాపాడిందని నా అనుమానం.

నీకు ఏడెనిమిదేళ్లప్పుడు నేను హ్యాండిల్ తిప్పుతుంటే నువ్వు సిలిండర్‌లో గాలి ఒత్తిడి వదిలించి హ్యాండిల్ తేలిగ్గా తిరిగేలా చేసే డీకంప్రెషన్ లివర్ పట్టుకుని, "ఇప్పుడా? ఇప్పుడా?" అని అరిచేదానివి. "వదులు!" అనగానే వదిలి పరిగెత్తేదానివి. మొన్న మీ అమ్మని పట్టుకోమంటే గుమ్మం దాటలేదు. మామయ్య పట్టుకున్నాడు, రెండుసార్లు ముందే వదిలేశాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వే పట్టుకోవాలి, బుడ్డోణ్ణి దూరంగా నిలబెట్టు.

సైలెన్సర్ మీద ఈసారి డబ్బా బోర్లించాను. మీ అమ్మ ఇవాళ పొద్దుట్నించీ పప్పు డబ్బా ఏదని వెతుకుతోంది. నువ్వేమీ చెప్పకు.

మీ నాన్న