పంజాగుట్ట మెడికల్ షాపు తమ్ముడికి

కాలేయ మార్పిడి తర్వాత నాన్న ఇంటికొచ్చారు. ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగేది) దిగుతోంది, కళ్ళల్లో పచ్చదనం పోయింది. అడిగిన అందరికీ ఫోన్ చేసే ఓపిక లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా తమ్ముడు తన కాలేయంలో భాగం ఇచ్చాడు, అమ్మ ఐసీయూ బయటే పడుకుంది, మా ఆయన ఆఫీసు మానేసి తిరిగారు. అది మా ఇంటి సంగతి. నేను చెప్పాల్సింది పంజాగుట్టలో ఒక మెడికల్ షాపులో పనిచేసే కుర్రాడి గురించి.

ఆపరేషన్ బాగానే అయింది కానీ తర్వాత రిజెక్షన్ వచ్చింది. కన్నకొడుకు కాలేయమైనా సరే, ఒంట్లో రోగనిరోధక కణాలు దాన్ని పరాయిదనే అనుకుంటాయి. బయాప్సీ చేసి, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి, రిజెక్షన్ రాకుండా ఆపే టాక్రోలిమస్ మందు డోసు పెంచి పంపారు. 12 గంటలకోసారి వేళ తప్పకూడదు, రక్తంలో లెవెల్ తగ్గితే మళ్ళీ రిజెక్షన్, పెరిగితే కిడ్నీలకు దెబ్బ అన్నారు. ఇన్ని చెప్పి పంపిన ఆసుపత్రిలోనే మేం వాడే కంపెనీ మందు లేదు! కౌంటర్‌లో "వేరే కంపెనీది తీసుకోండి, అన్నీ ఒకటే" అన్నారు, డాక్టర్ ఫోన్ ఎత్తలేదు, రాత్రి 9కి డోసు, బయట వాన.

ఈ అబ్బాయి చీటీ చూసి, "కంపెనీ మారితే లెవెల్ మారొచ్చు అక్కా, డాక్టర్‌ను అడగకుండ నేనియ్య" అన్నాడు. నన్ను కూర్చోబెట్టి నీళ్ళిచ్చి, ఎవరెవరికో ఫోన్లు చేసి, కోఠిలో ఉందని తెలియగానే తన బండి మీద ఆ వానలో వెళ్ళి తెచ్చాడు. తను నిలువునా తడిశాడు, స్ట్రిప్పుల మీద చుక్క పడలేదు. పెట్రోలు డబ్బులిస్తే, "టైం అయితుంది, నువ్వు ముందు పో అక్కా" అన్నాడు. ఆపరేషన్ రోజు కూడా ఏడవలేదు నేను, ఆ కౌంటర్ దగ్గర ఏడ్చేశాను. వెళ్తుంటే వెనక్కి పిలిచి మరీ చెప్పాడు, జలుబు దగ్గు అని బయట ఏ యాంటీబయాటిక్ రాసినా ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్‌ను అడిగే వెయ్యమని, క్లారిత్రోమైసిన్ లాంటివి లెవెల్ పెంచేస్తాయట. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయట్లేదు. తమ్ముడూ, నువ్వు చల్లగా ఉండాలి.

ఈ మందు జీవితాంతం వాడాలి. ఆపరేషన్‌కు డబ్బు కట్టిన ఇన్సూరెన్స్ వాళ్ళు కొన్నాళ్ళ తర్వాత మందులకు డబ్బు ఇవ్వం అంటున్నారు. మందు ఆగితే కాలేయం నిలబడదని వాళ్ళకు తెలియదా? అంత పెద్ద ఆపరేషన్ చేసే చోట ఆ మందు స్టాక్ ఉంచలేరా? నా కోపం ఇంకా తగ్గలేదు.

అయ్యో, ప్లేట్‌లెట్స్ ఇచ్చినవాళ్ళను మర్చిపోయాను, మీకు దండాలు. పొద్దున్నే మాత్ర వేయకముందే ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళే ల్యాబ్ అబ్బాయికి, పక్క బెడ్ పిన్నిగారికి, ఆ రాత్రి వెయిటింగ్ డబ్బులు అడగని ఆటో అన్నకు కూడా.