నార్త్ డకోటా గవర్నర్ గారికి బహిరంగ లేఖ (ఆగస్టు 2011): పేరు కోసం పిల్లల ఆట ఆపకండి

గౌరవనీయులు గవర్నర్ జాక్ డాల్రింపుల్ గారికి,

నమస్కారమండి. నేను గ్రాండ్ ఫోర్క్స్‌లో ఉంటున్న తెలుగువాణ్ణి, యూనివర్సిటీ ఆఫ్ నార్త్ డకోటాలో మాస్టర్స్ చేసి ఈ ఊళ్ళోనే ఉద్యోగం చూసుకుని ఉండిపోయాను. ఈ ఉత్తరం ఇంగ్లీషులో మీకు విడిగా పంపాను. తెలుగులో కూడా పెట్టడానికి కారణం, ఇక్కడ చదివి వేరే రాష్ట్రాలకి వెళ్ళిపోయిన మనవాళ్ళు "హాకీ జెర్సీ మీద పేరు కోసం ఇంత గొడవేంటిరా" అని రోజూ అడుగుతున్నారు, వాళ్ళకీ తెలుస్తుందని. మన యూనివర్సిటీ టీముల పేరు "ఫైటింగ్ సూ", సూ అంటే ఇక్కడి నేటివ్ అమెరికన్ జాతి పేరు. ఆ పేరు ఉంచాలా తీసేయాలా అన్నదే గొడవ. పేరు ఉంచాల్సిందేనన్న బిల్లు మార్చిలో నడుస్తున్నప్పుడు మేం కొంతమందిమి సంతకాలు చేసి ఒక ఆఫీసుకి పంపితే "మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాం" అని ఒక్క లైను వచ్చింది, ఆ తర్వాత ఉలుకూ లేదు పలుకూ లేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

ఆగస్టు 1 నుంచి ఆ చట్టం అమల్లోకి వచ్చేసింది. ఈ నెల 12న మీరు, హౌస్ మెజారిటీ లీడర్ ఆల్ కార్ల్‌సన్ గారు, మన యూనివర్సిటీ ప్రెసిడెంట్ కెల్లీ గారు అందరూ కలిసి ఇండియానాపొలిస్ వెళ్ళి ఎన్‌సీఏఏ (దేశంలో కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) ప్రెసిడెంట్ మార్క్ ఎమ్మర్ట్ గారితో మాట్లాడతారట. తెగల అనుమతి లేకుండా వాళ్ళ పేర్లు పెట్టుకున్న టీముల మీద ఎన్‌సీఏఏ వేసే ఆంక్షలు మనకి 15 నుంచి మొదలు. మధ్యలో ఉన్నవి మూడు రోజులు. ఆ మీటింగులో మీరు ఏం అడుగుతారో నాకు తెలీదు గానీ, అక్కడికి వెళ్ళే ముందు ఒక్క మాట వినండి సార్. ఇంకో మినహాయింపు అడగడానికి వెళ్ళకండి. మేం ఈ చట్టం వెనక్కి తీసుకుంటాం, నవంబర్ దాకా ఓపిక పట్టండి అని చెప్పడానికి వెళ్ళండి.

ఎందుకంటే 2007 అక్టోబర్‌లో ఎన్‌సీఏఏతో కుదిరిన సెటిల్‌మెంట్ మన స్టేట్ ఒప్పుకున్నదే కదండీ. కేసు వేసింది మనమే, రాజీకి వచ్చిందీ మనమే. మూడేళ్ళు టైమిచ్చారు, స్పిరిట్ లేక్, స్టాండింగ్ రాక్ అనే రెండు సూ తెగలూ ఒప్పుకుంటే పేరు ఉంచుకోండి, లేదంటే వదిలేయండి అన్నారు. ఆ మూడేళ్ళూ 2010 నవంబర్ 30తో అయిపోయాయి. అప్పటికే హయ్యర్ ఎడ్యుకేషన్ బోర్డు వాళ్ళు పేరు తీసేద్దామని తేల్చేశారు, స్టేట్ సుప్రీం కోర్టు కూడా 2010 ఏప్రిల్‌లో ఆ నిర్ణయం బోర్డు చేతుల్లోదే అంది, యూనివర్సిటీలో కమిటీలు వేసి మార్పు పనులు మొదలుపెట్టారు, ఏడుపులూ తిట్లూ అన్నీ అయ్యి జనం కూడా సరేలే అనుకుంటున్న టైములో మీ లెజిస్లేచర్ వచ్చి హౌస్‌లో 65-28తో, సెనేట్‌లో 28-15తో బిల్లు పాస్ చేసింది, మీరు సంతకం పెట్టారు. టీములని ఫైటింగ్ సూ అనే పిలవాలి, దాన్ని మార్చడానికి యూనివర్సిటీ గానీ బోర్డు గానీ ఏమీ చేయకూడదు, అంతకుముందు చేసినవి కూడా చెల్లవు, ఎన్‌సీఏఏ శిక్ష వేస్తే అటార్నీ జనరల్ కేసు వేసే సంగతి ఆలోచించాలి, ఇదీ ఆ చట్టం. ఒక కాలేజీ టీము ముద్దుపేరుని రాష్ట్ర చట్టంలో రాసిపెట్టడం ఏంటి సార్? రేపు దాన్ని మార్చాలంటే కోచ్‌కి అధికారం లేదు, ప్రెసిడెంట్‌కి లేదు, బోర్డుకీ లేదు. ఉన్నది మీకూ మీ సభకే. అందుకే మిమ్మల్నే అడగాల్సి వస్తోంది.

ఇక అసలు నా బాధకి వస్తాను. కాన్ఫరెన్స్, అంటే కాలేజీ టీములు కలిసి ఆడుకునే లీగు.

హాకీ టికెట్ కొనుక్కుని వెళ్ళే మా లాంటి వాళ్ళకి ఈ కాన్ఫరెన్స్ సంగతి పెద్దగా పట్టదు. హాకీకి ఏం ఢోకా లేదు, ఏడు నేషనల్ టైటిళ్ళున్న టీము, మొన్న ఏప్రిల్‌లో కూడా ఫ్రోజెన్ ఫోర్ (జాతీయ సెమీఫైనల్స్) దాకా వెళ్ళొచ్చింది, పోయిన నెలలోనే పెద్ద పెద్ద స్కూళ్ళతో కలిసి కొత్త హాకీ కాన్ఫరెన్స్ కూడా ప్రకటించుకున్నారు. మరి మిగతా వాళ్ళో? వాలీబాల్, బాస్కెట్‌బాల్, సాకర్, ట్రాక్, సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లలు? 2008లో డివిజన్ వన్‌కి, అంటే కాలేజీ ఆటల్లో పై స్థాయికి, మారడం మొదలుపెట్టినప్పటి నుంచి వాళ్ళకి ఇల్లంటూ లేదు. గ్రేట్ వెస్ట్ అని ఒక కాన్ఫరెన్స్‌లో ఉన్నారు, అందులో ఎవరున్నారో మ్యాపులో ఒకసారి చూడండి. న్యూజెర్సీలో ఒకళ్ళు, షికాగోలో ఒకళ్ళు, యూటాలో ఒకళ్ళు, హ్యూస్టన్‌లో ఒకళ్ళు, ఇంకొకళ్ళు టెక్సాస్ చివర మెక్సికో బోర్డర్ పక్కన. మనమేమో కెనడా బోర్డర్ పక్కన. కాన్ఫరెన్స్ మ్యాచ్ అంటే దేశం ఈ చివర నుంచి ఆ చివరకి ప్రయాణం. ఎయిర్‌పోర్టు నేల మీద కూర్చుని ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని హోంవర్క్ సబ్మిట్ చేసే అమ్మాయిల్ని నేను చూశాను, నేను టీచింగ్ అసిస్టెంట్‌గా ఉన్నప్పుడు వాళ్ళ ల్యాబ్ రిపోర్టులు రాత్రి రెండింటికి వచ్చేవి, కింద "సారీ, ఫ్లైట్ డిలే" అని రాసి ఉండేది.

ఇంతా చేసి గెలిస్తే ఏమొచ్చింది? మొన్న మార్చిలో మన మగపిల్లల బాస్కెట్‌బాల్ టీము గ్రేట్ వెస్ట్ టోర్నమెంట్ గెలిచింది. వేరే ఏ కాన్ఫరెన్స్‌లో అయినా అలా గెలిస్తే నేరుగా ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కి వెళ్తారు, దేశమంతా టీవీలో చూస్తుంది. గ్రేట్ వెస్ట్‌కి ఆ ఆటోమేటిక్ బెర్తే లేదు, పైగా మనది ఇంకా డివిజన్ మారే గడువులోనే ఉంది. కప్పు చేతిలో పట్టుకుని ఇంటికొచ్చారు. సీనియర్లు కొంతమంది నాలుగేళ్ళూ ఇలాగే ఆడి వెళ్ళిపోయారు, మీ తర్వాత వచ్చేవాళ్ళకి అంతా బావుంటుంది అని చెప్పి పంపించారు వాళ్ళని.

ఆ బావుండే రోజు 2012లో రావాలండి. గడువు అయిపోతుంది, 2012 నుంచి బిగ్ స్కై కాన్ఫరెన్స్‌లో చేరతాం. మోంటానా, మోంటానా స్టేట్, వీబర్ స్టేట్, ఈస్టర్న్ వాషింగ్టన్, అందరూ పేరున్న టీములు, ఈస్టర్న్ వాషింగ్టన్ అయితే మొన్న జనవరిలోనే ఫుట్‌బాల్ నేషనల్ ఛాంపియన్. ఈ పిలుపు ఊరికే రాలేదు. అంతకుముందు సమ్మిట్ లీగ్ అనే ఇంకో కాన్ఫరెన్స్ తలుపు ఎంత కొట్టినా వాళ్ళ కమిషనర్ టామ్ డూపుల్ గారు ముందు మీ పేరు సంగతి తేల్చుకోండి, ఆ తర్వాతే మాట్లాడదాం అన్నారు. పక్కనున్న నార్త్ డకోటా స్టేట్, సౌత్ డకోటా స్టేట్ అందులో హాయిగా ఆడుకుంటుంటే మనం గుమ్మం బయటే నిలబడ్డాం. చివరికి బోర్డు పేరు తీసేస్తామని చెప్పాక 2010 నవంబర్ 1న బిగ్ స్కై పిలుపు వచ్చింది, వెంటనే ఒప్పుకున్నాం. అదే సమయంలో యూనివర్సిటీ ఆఫ్ సౌత్ డకోటా వాళ్ళు బిగ్ స్కైని కాదని సమ్మిట్‌కి వెళ్ళిపోయారు. అంటే వెనక్కి చూస్తే గ్రేట్ వెస్ట్‌లో మనకి తోడుండే ఇరుగుపొరుగు కూడా లేరు.

ఇప్పుడు ఈ చట్టం వల్ల బిగ్ స్కై కమిషనర్ డగ్ ఫుల్లర్టన్ గారు కూడా ఈ పేరు గొడవ మాకు ఆందోళనగా ఉంది అంటున్నారు. ఆయన్ని ఎలా తప్పు పడతాం? పేరు పోతోంది అని చెప్పి పిలుపు అందుకున్నాం, పిలిచిన నాలుగు నెలలకి పేరుని చట్టంలో పెట్టుకున్నాం. వాళ్ళ వైపు నుంచి చూస్తే మాట తప్పింది ఎవరు సార్? పేరు కాపాడుకోవడానికని చేసిన పని కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అయ్యేలా ఉంది.

ఆంక్షలంటే ఏముందిలే, జెర్సీ మీద బొమ్మ పెట్టుకోనివ్వరు అంతేగా అని మా ఆఫీసులో కూడా అన్నారు. అంతే కాదు. పోస్ట్‌సీజన్ మ్యాచులు, అంటే సీజన్ అయ్యాక జరిగే ఛాంపియన్‌షిప్ మ్యాచులు, సొంత ఊళ్ళో పెట్టుకోనివ్వరు. 2012లో మన ఫుట్‌బాల్ టీముకి మొదటిసారి ప్లేఆఫ్‌కి వెళ్ళే అర్హత వస్తుంది, బాగా ఆడి మంచి స్థానంలో నిలిస్తే నవంబర్ చలిలో ఎవరైనా మన ఫుట్‌బాల్ స్టేడియం అలెరస్ సెంటర్‌కి వచ్చి మన జనం అరుపుల మధ్య ఆడాలి. అది జరగదు. గెలిచినా సరే మనవాళ్ళే బస్సెక్కాలి. చట్టం రాసినవాళ్ళెవరూ ఆ బస్సు ఎక్కరు. మిన్నెసోటా, విస్కాన్సిన్ లాంటి స్కూళ్ళు ఇలాంటి పేర్లున్న టీములతో హాకీ తప్ప వేరే ఆటలు ఆడకూడదని పెట్టుకున్న రూలు ఎటూ ఉండనే ఉంది. ఒక కోచ్ వెళ్ళి పదిహేడేళ్ళ పిల్లని మా టీములోకి రామ్మా అని అడిగితే, వాళ్ళ అమ్మానాన్నలు మొదట అడిగేది మీది ఏ కాన్ఫరెన్స్ అనే. ఇవాళ దానికి మన దగ్గర గట్టి జవాబు లేదు.

తెగల మాట కూడా చెప్పాలి. స్పిరిట్ లేక్‌లో 2009 ఏప్రిల్‌లో ఓటింగ్ పెడితే 774 మంది పేరు ఉంచమన్నారు, 378 మంది వద్దన్నారు. అది చిన్న విషయం కాదు, వాళ్ళ ఇష్టాన్ని నేను తీసిపారేయను. 1969లో పెద్దలు వచ్చి ఈ పేరు ఇచ్చారని వాళ్ళు చెప్పేది కూడా గౌరవంగానే వింటాను. స్టాండింగ్ రాక్‌లో కూడా ఓటింగ్ కావాలని వెయ్యికి పైగా సంతకాలు పెట్టారు. కానీ స్టాండింగ్ రాక్ ట్రైబల్ కౌన్సిల్ 1992 నుంచీ వద్దు అనే అంటోంది, ఓటింగ్ పెట్టాలా వద్దా అన్నది వాళ్ళ ఇంటి విషయం. ఫ్లోరిడా స్టేట్ వాళ్ళకి సెమినోల్ తెగ మీరు వాడుకోండి అని నోరారా చెప్పింది కాబట్టి ఎన్‌సీఏఏ వదిలేసింది. మనకి ఒకరు అవునన్నారు, ఒకరు కాదన్నారు, ఇద్దరూ అవునంటేనే అని మనమే రాసిచ్చాం. ఇందులో అర్థంకానిది ఏముందండి? పేరు వాళ్ళది, వద్దనే హక్కు వాళ్ళకి ఉంటుంది. ఈ క్యాంపస్‌లో చదివే నేటివ్ పిల్లలు ఎదుటి టీము ఫ్యాన్స్ నోటి నుంచి వాళ్ళ జాతి పేరు పెట్టి వచ్చే బూతు నినాదాలు వింటూ కూర్చోవాలి. నేను మన హాకీ అరేనాలో చెవులారా విన్నాను. మనం గౌరవంతోనే పెట్టుకున్నాం అంటాం, అటువైపు వాళ్ళు ఏమని అరుస్తారో అది మన చేతిలో లేదు కదా.

ఆ అరేనా గురించి కూడా అడుగుతారు. రాల్ఫ్ ఎంగెల్‌స్టాడ్ గారు వంద మిలియన్ డాలర్లకి పైగా పెట్టి 2001లో కట్టించి ఇచ్చారు, లోపల ఎక్కడ చూసినా ఆ బొమ్మే, నేల గ్రానైట్‌లో అదే, సీటు సీటుకీ అదే. సెటిల్‌మెంట్‌లోనే కొన్ని చరిత్ర కింద అలాగే ఉండొచ్చని ఒప్పుకున్నారు కాబట్టి రేపే గడ్డపారలు తీసుకుని వెళ్ళక్కర్లేదు. జాతీయగీతం చివర్లో "బ్రేవ్" అనాల్సిన చోట జనమంతా "సూ" అని అరిచినప్పుడు నాకూ రోమాలు నిక్కబొడుచుకుంటాయి, పదకొండు వేల మంది ఒక్క గొంతుతో అరవడం మామూలు సంగతి కాదు. ఆ ప్రేమ నిజమే. కానీ ఆ ప్రేమకి డబ్బు కట్టాల్సింది వాలీబాల్ పిల్ల కాకూడదు. స్టాన్‌ఫర్డ్ 1972లో మార్చుకుంది, మార్క్వెట్ యూనివర్సిటీ, సెయింట్ జాన్స్ 1994లో మార్చుకున్నాయి, అర్కాన్సా స్టేట్ 2008లో మార్చుకుంది. అన్నీ ఇంకా ఆడుతూనే ఉన్నాయి. మనది కూడా 1930 దాకా ఫ్లికర్‌టెయిల్స్ అనే పేరే కదా.

సార్, ఇక టైము సంగతి. మన లెజిస్లేచర్ రెండేళ్ళకోసారి కూర్చుంటుంది. మామూలుగా అయితే మళ్ళీ సమావేశం 2013 జనవరిలో. బిగ్ స్కైలో చేరాల్సింది 2012లో. ఈ లెక్క మీకు నేను చెప్పక్కర్లేదు. అదృష్టం ఏంటంటే నియోజకవర్గాల సరిహద్దుల కోసం ఈ నవంబర్‌లో ఎలాగూ స్పెషల్ సెషన్ ఉంది. అందులో ఈ చట్టం రద్దు బిల్లు పెట్టించండి. అది తప్పితే మళ్ళీ దారి లేదు.

మీకు నా విన్నపం అదే. 12న ఎమ్మర్ట్ గారితో వాదన పెట్టుకోకండి, నవంబర్‌లో రద్దు చేస్తామని చెప్పి రండి. వచ్చాక బిగ్ స్కై వాళ్ళకి మీ సంతకంతో ఒక ఉత్తరం రాయండి, నార్త్ డకోటా ఇచ్చిన మాట మీద ఉంటుంది అని. కోర్టు ఖర్చుల మాట మళ్ళీ ఎత్తకండి, అటార్నీ జనరల్ గారిని ఈ పనికి పురమాయించకండి, ఒకసారి కేసు వేసి రాజీకొచ్చినవాళ్ళం మనం. స్టాండింగ్ రాక్ వాళ్ళ మీద ఎవరూ ఒత్తిడి తేకుండా చూడండి. బోర్డు పని బోర్డుకి వదిలేయండి. రద్దు చేయండి సార్, దయచేసి నవంబర్‌లోనే చేయండి. ఈసారి మాకు "నమోదు చేసుకున్నాం" అనే లైను వద్దు, చేస్తారా చేయరా అన్నది 15వ తారీకులోపు పేపర్లో కనిపించేలా చెప్పండి.

ఇట్లు,
గ్రాండ్ ఫోర్క్స్ నుంచి ఒక తెలుగు పూర్వ విద్యార్థి
ఆగస్టు 2011