ఎడారికి పంపేముందు పాముల గురించి చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

గల్ఫ్‌కు వెళ్లే మన కార్మికుల కష్టాల మీద పత్రికల్లో తరచూ వార్తలు వస్తుంటాయి. జీతం ఎగ్గొట్టారని, పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) లాక్కున్నాడని, శవం ఇంటికి చేరడానికి వారాలు పట్టిందని రాస్తున్నారు. రాయాల్సిందే. కానీ ఎవరూ పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. ఎడారిలో గొర్రెలు, ఒంటెలు కాసే పనికి వెళ్లేవాళ్లకు అక్కడి పాముల గురించి ముందుగా ఒక్క ముక్క కూడా చెప్పడం లేదు.

నేను సౌదీలో మంద దగ్గర పనిచేసి వచ్చినవాణ్ని. మన పల్లెల నుంచి వెళ్లినవాడికి పాము అంటే పడగ, బుస. టార్చి వేస్తే కనిపిస్తుందిలే అనుకుంటాడు. అక్కడి కొమ్ముల పింజర అలా దొరకదు. పొట్టి పాము, అచ్చం ఇసుక రంగు. ఉన్నచోటే ఒళ్లు అటూ ఇటూ కదుపుతూ ఇసుకలోకి దిగిపోతుంది. పైకి కళ్లు, వాటి మీద ముళ్లలాంటి రెండు చిన్న కొమ్ములు, అంతే. కొన్నింటికి ఆ కొమ్ములు కూడా ఉండవు. పాదం పక్కనే ఉన్నా తెలియదు. రాత్రి తిరిగితే పొద్దున ఇసుక మీద ఏటవాలు గీతలు వరసగా పడి ఉంటాయి, పక్కవాటుగా పాకుతుంది కాబట్టి. ఆ జాడ గుర్తుపట్టడం నాకు నేర్పింది సూడాన్ నుంచి వచ్చిన తోటి కాపరి. ఆ పని మన ప్రభుత్వాలు ఇక్కడే చేసి ఉండాల్సింది.

రాళ్ల గుట్టల వైపు ఇంకో రకం పింజరలు ఉంటాయి. ఒంటి మడతలు ఒకదానికొకటి రాసుకుని గరగరమని చప్పుడు చేస్తాయి. అవి కరిస్తే రక్తం గడ్డకట్టదు, చిగుళ్ల నుంచి కూడా కారుతుంది. నల్లగా నిగనిగలాడే ఎడారి నాగు వేరు. మన నాగుపాములా పడగ విప్పి హెచ్చరించదు, దాని విషం నరాల మీద పనిచేసి ఊపిరి ఆడనివ్వదు.

మన ఆస్పత్రుల్లో వాడే విరుగుడు ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషంతో తయారైనది. కొమ్ముల పింజరకు ఉద్దేశించింది కాదు. సౌదీ మాత్రం తన పాములకు కావలసిన మందును రియాద్‌లోనే తయారుచేసుకుంటోంది. అంటే మందు ఉంది. అక్కడికి చేరడమే సమస్య. డేరా తారురోడ్డుకు ఎంతో దూరం, సిగ్నల్ అందదు, బండి తాళం యజమాని దగ్గర. ఇకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు) లేనివాడైతే పోలీసులు పట్టుకుంటారన్న టెన్షన్‌తో ఆస్పత్రి గడప తొక్కడు. బ్లేడుతో గాటు పెట్టి, తాడుతో బిగించి కట్టి కూర్చుంటాడు. ఆ కట్టుతోనే కాలు పోయే ప్రమాదం ఉంది.

విదేశాంగ శాఖ ప్రయాణానికి ముందు ఇచ్చే శిక్షణలో దీనికి ఒక అరగంట ఇవ్వలేరా? తెలంగాణలో విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్, ఆంధ్రలో ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్ఆర్టీ, ఇవి బొమ్మలతో ఒక తెలుగు కరపత్రం వేయలేవా? కింద పడుకోవద్దు, బూట్లు దులిపి తొడుక్కోవాలి, గడ్డి మోపుల్లో, కట్టెల్లో వట్టి చేయి పెట్టొద్దు. కరిస్తే కోయొద్దు, కట్టొద్దు, ఉంగరం, గడియారం తీసేసి ఆ కాలు లేదా చేయి కదపకుండా ఉండాలి. అంబులెన్స్‌కు సౌదీలో 997, కువైట్‌లో 112, ఒమన్‌లో 9999, యూఏఈలో 998. ఈ నాలుగు నంబర్లు విమానం ఎక్కేముందే ప్రతి కాపరి ఫోన్‌లో ఉండాలి.

బీమా మాట కూడా చెప్పాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 10 లక్షలు వస్తాయి. పాముకాటు కూడా ప్రమాదమేనని పాలసీ కాగితం మీద తెలుగులో స్పష్టంగా రాయించాలి. మరణ పత్రంలో గుండె ఆగి పోయాడని మాత్రమే రాస్తే, ఆ కాగితం పట్టుకుని భార్య ఎక్కడ తిరగాలి? కాటు సంగతి అందులో నమోదయ్యేలా మన రాయబార కార్యాలయాలే చూడాలి. దేశంలో ప్రతి పాముకాటునూ లెక్కలోకి ఎక్కించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2024లో రాష్ట్రాలను కోరింది. గల్ఫ్ ఎడారుల్లో కాటుకు గురైన మనవాళ్ల లెక్క కూడా రాయబార కార్యాలయాలు ఏటా బయటపెట్టాలని, మన ఎంపీలు పార్లమెంటులో ఈ ప్రశ్న అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

- గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా